మధ్య ఆక్టేవ్‌లో రెండు కీలు పలకట్లేదు, ఒకటేమో ఎలా తాకినా అరుస్తోంది

శ్రుతిపెట్టె61
61 కీల టచ్ సెన్సిటివ్ కీబోర్డు. మధ్య ఆక్టేవ్‌లో ఎఫ్, ఏ రెండూ మూగబోయాయి. గట్టిగా అదిమితే ఎఫ్ ఎప్పుడో ఓసారి పలుకుతుంది, ఏ అసలు పలకదు. వాటి మధ్యలో ఉన్న జీ మాత్రం ఎంత మెత్తగా తాకినా ఫుల్ సౌండ్‌తో అరుస్తుంది. మిగతావన్నీ బాగున్నాయి. వారంటీ అయిపోయింది. విప్పి తుడిస్తే సరిపోతుందా, బోర్డే పోయిందా? స్క్రూడ్రైవర్ పని వచ్చు, టంకం పని అంతంతమాత్రం.

గమకం_జీరో
ముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి చూడండి. స్ప్లిట్ (కీబోర్డును రెండు భాగాలు చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో.

నల్లకీ_తెల్లకీ
స్ప్లిట్ అయితే ఒక పక్క మొత్తం మారాలి. ఎఫ్ పోయి, జీ అరిచి, ఏ పోవడానికి ఏ సెట్టింగూ లేదు. ఇది లోపలి మురికే.

గమకం_జీరో
రీసెట్‌కి పైసా ఖర్చు లేదు కదా, కొట్టమన్నా అంతే 🙂

మల్టీమీటర్‌మామ
విప్పకముందే ఒక పరీక్ష ఉంది, అది వదిలేసి ఎవరూ స్క్రూడ్రైవర్ తీయొద్దు. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి ఏదైనా మిడీ మానిటర్ (ఏ కీ ఎలా నొక్కారో అంకెల్లో చూపించే ప్రోగ్రామ్) తెరవండి. విండోస్‌లో మిడీ-ఆక్స్ చాలు. కింది నుంచి పైదాకా ఒక్కో కీని మెత్తగా, మామూలుగా, గట్టిగా మూడు రకాలుగా నొక్కి నోట్ నంబరు, వెలాసిటీ (ఎంత వేగంగా నొక్కారో చెప్పే అంకె) రాసుకోండి. 61 కీలవి సాధారణంగా 36 నుంచి 96 దాకా ఉంటాయి, మధ్య సీ 60. ఒక కంపెనీ 60ని సీ3 అంటుంది, ఇంకోటి సీ4 అంటుంది, అందుకే ఇక్కడ నంబర్లతోనే మాట్లాడుకుందాం. ట్రాన్స్‌పోజ్, ఆక్టేవ్ షిఫ్ట్ రెండూ సున్నాలో పెట్టి, టచ్ రెస్పాన్స్ ఆన్‌లో ఉంచండి.

ఇదెందుకంటే, టచ్ ఉన్న కీబోర్డులో ప్రతి కీ కిందా సాధారణంగా రెండు స్విచ్చులుంటాయి. రబ్బరు పట్టీలో రెండు నల్లటి కార్బన్ చుక్కలు, ఒకటి కాస్త ముందు, ఇంకోటి కాస్త వెనక బోర్డును తాకేలా ఎత్తు తేడాతో పోసి ఉంటాయి. మొదటిది తాకాక రెండోది తాకడానికి పట్టిన సమయాన్ని ప్రాసెసర్ కొలుస్తుంది. వ్యవధి తక్కువైతే వేగంగా నొక్కారని అర్థం, వెలాసిటీ ఎక్కువ. ఇప్పుడు మొదటి చుక్క కింద దుమ్ము పడి ఆలస్యంగా తాకిందనుకోండి, వ్యవధి తగ్గిపోతుంది, మెత్తగా నొక్కినా 120 పైన వస్తుంది. మీ జీ అరుపు అదే. రెండోది ఆలస్యమైతే ఎంత గట్టిగా కొట్టినా నీరసంగా పలుకుతుంది. రెండోది అసలు తాకకపోతే శబ్దమే రాదు. మొదటిది అసలు తాకకపోతే చాలా మోడళ్లలో మౌనం, కొన్నింట్లో ఒకే స్థిరమైన వెలాసిటీ.

అంటే పలకని కీ, అరిచే కీ రెండు వేర్వేరు జబ్బులు కావు.

శ్రుతిపెట్టె61
చూశాను. రీసెట్ కూడా కొట్టాను, తేడా లేదు.
65: ఎక్కువసార్లు ఏమీ రాదు, వచ్చినప్పుడు 9, 14 అలా.
67: మెత్తగా 118, గట్టిగా 127.
69: సున్న. లైనే కనపడదు.
మిగతావి 20 నుంచి 115 లోపు, ఒత్తిడిని బట్టి.

మల్టీమీటర్‌మామ
65లో రెండో స్విచ్ బలహీనం, 67లో మొదటిది. 69కి ఇంకా చెప్పలేం. ఈ మూడింటి తీరు ఒకేలా లేదు, మిగతా కీలన్నీ బాగున్నాయి కాబట్టి కేబులో, కీలను గుంపులుగా కలిపే మ్యాట్రిక్స్ లైనో తెగిన కేసు కాదు. విప్పొచ్చు.

పాతసింథ్_ప్రియ
విప్పే వరస చెప్తాను, మోడల్‌ని బట్టి కాస్త మారుతుంది.

అడాప్టర్ తీసేయండి, బ్యాటరీలు తీసేయండి. మంచం మీద కాదు, బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి కీబోర్డును బోర్లా పెట్టండి. వాల్యూమ్ నాబ్, పిచ్ బెండ్ వీల్ మీద బరువు పడకుండా రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు ఎత్తు పెట్టాలి. వెనక 20కి పైనే స్క్రూలుంటాయి, అన్నీ ఒక పొడవువి కావు. కాగితం మీద కీబోర్డు బొమ్మ గీసుకుని ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో ఎక్కిస్తే పైన ప్యానెల్ ప్లాస్టిక్‌ను పొడుచుకుని బయటికొస్తుంది.

కింది మూత ఒక్కసారిగా పైకి లాగొద్దు. స్పీకర్ వైర్లు, బ్యాటరీ వైర్లు పొట్టిగా ఉంటాయి. ఒక అంచు ఎత్తి లోపల చూసి, కనెక్టర్లను ఫోటో తీసుకుని, అప్పుడు ఊడదీయండి. కీల బోర్డు నుంచి మెయిన్ బోర్డుకి వెళ్లే పల్చటి రిబ్బన్ కేబుల్ జాగ్రత్త. కొన్ని కనెక్టర్లకు చిన్న గొళ్లెం ఉంటుంది, ముందు అది ఎత్తాలి. గొళ్లెం లేనివాటిని తిన్నగా లాగాలి, పక్కకు ఊపితే కేబుల్ కొస చీలుతుంది.

ఆ తర్వాత కీబెడ్, అంటే కీలన్నీ కూర్చునే అమరిక. చవక మోడళ్లలో తెల్ల కీలు విడివిడిగా రావు. సీ-ఈ-జీ-బీ ఒక దువ్వెన, డీ-ఎఫ్-ఏ ఇంకో దువ్వెన, నల్లవి అయిదూ మూడో దువ్వెన, మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చి స్క్రూలతో బిగిస్తారు. ఖరీదైన వాటిలో ఒక్కో కీ, ఒక్కో స్ప్రింగ్. స్ప్రింగు ఎగిరితే గదిలో ఏ మూల పడుతుందో దానికే తెలియాలి, కళ్లద్దాలు పెట్టుకోండి.

నల్లకీ_తెల్లకీ
కొన్నింట్లో కీలు ముట్టుకోనక్కర్లేదు. కింది నుంచి బోర్డు స్క్రూలు తీస్తే పీసీబీ (సర్క్యూట్ బోర్డు), రబ్బరు పట్టీలు వాటంతటవే బయటికొస్తాయి. ముందు అది చూసుకోండి, సగం పని తప్పుతుంది.

పాతసింథ్_ప్రియ
అవును, అది ముందే చెప్పాల్సిన మాట. బోర్డు కింద నుంచి ఊడేలా ఉంటే కీల జోలికి వెళ్లొద్దు.

శ్రుతిపెట్టె61
కింది నుంచే వచ్చింది. పట్టీల కింద సన్నటి దుమ్ము, రెండు వెంట్రుకలు, ఒక చిన్న పురుగు రెక్క. తుడవడానికి ఏం వాడాలి? ఇంట్లో డబ్ల్యూడీ-40 ఉంది.

టంకంరాజు
దాన్ని ఆ గదిలోంచే బయట పెట్టండి. నూనె పొర మిగిలితే కార్బన్ స్విచ్ పనిచేయదు, పైగా దుమ్ము మళ్లీ అంటుకుంటుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేలలో కూడా చాలావాటిలో కొంత నూనె ఉంటుంది, అవి లోహపు స్విచ్చులకు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ అసలు వద్దు, ప్లాస్టిక్ కీలు తెల్లబారి పగుళ్లిస్తాయి.

పీసీబీకి: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని దూది పుల్ల. కారేంత తడి వద్దు. బోర్డు మీద దువ్వెన పళ్లలా అల్లుకున్న నల్లటి గీతలు కార్బన్ సిరాతో అచ్చు వేసినవి. ఒకే దిశలో మెల్లగా రెండుసార్లు తుడవండి చాలు. దూదికి నలుపు అంటడం మొదలైతే ఆపేయండి, అక్కడితో మురికి అయిపోయింది, ఇక మీరు తీస్తున్నది కార్బన్‌నే.

రబ్బరు పట్టీలకు: గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. వేలితో మెల్లగా రుద్ది, మంచినీళ్లలో బాగా కడిగి, చుక్కలు పైకి ఉండేలా నీడలో ఒక రోజు ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు.

అరిగిన_పట్టీ
చుక్కలను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరుపు పోయి బాగా పనిచేస్తాయి. ఎప్పటి నుంచో అందరూ చేసేదే.

టంకంరాజు
చేస్తారు. ఆర్నెల్లకు మళ్లీ విప్పుతారు. పెన్సిల్ రబ్బరులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, ఆ రజను చుక్క మీదే ఉండిపోతుంది.

అరిగిన_పట్టీ
కడిగినా లేవని చుక్కను ఏం చేస్తారు మరి? చెత్తబుట్టలో వేస్తారా?

మల్టీమీటర్‌మామ
మామూలు తెల్ల కాగితం. చుక్కను కాగితం మీద ఆనించి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ లాగండి. కాగితం మీద బూడిద రంగు గీత పడుతుంది, పైన గట్టిపడిన పొర పోతుంది. రెండు మూడు గీతలకు మించొద్దు. గరుకు కాగితం మాత్రం తేవద్దు. రబ్బరు వాడాలనే అనుకుంటే మెత్తటి తెల్ల వినైల్ రబ్బరు, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవడం. ఇద్దరి మాటా నిలబడుతుంది.

చుక్క బాగుందో లేదో మీటరుతో చూడొచ్చు. 20 కిలో ఓమ్స్ రేంజిలో రెండు ప్రోబులను చుక్క మీద మెల్లగా ఆనించండి. అంకె కంటే పక్క చుక్కలతో తేడా ముఖ్యం. పక్కవి వంద, రెండొందల ఓమ్‌లు చూపిస్తుంటే ఇది కొన్ని వేలు చూపిస్తే అదే దోషి. బజర్ మోడ్ నమ్మకండి. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల లోపైతేనే కూస్తాయి, ఆరోగ్యంగా ఉన్న కార్బన్‌కి కూడా కూయవు. బజర్ మోగలేదని మంచి బోర్డు మార్చేసిన వాళ్లున్నారు.

గమకం_జీరో
చుక్క మీద అల్యూమినియం ఫాయిల్ ముక్క అంటించే వీడియోలు బోలెడున్నాయి. రిమోట్లకు పనిచేస్తుంది కదా?

టంకంరాజు
రిమోట్‌కి ఆన్, ఆఫ్ చాలు. ఇక్కడ ఎత్తు ముఖ్యం. ఫాయిలు, జిగురు కలిసి చుక్కను ఎత్తు చేస్తాయి, రెండు స్విచ్చుల మధ్య వ్యవధి మారిపోతుంది, ఆ ఒక్క కీ టచ్ మిగతా వాటితో కలవదు. పైగా ఫాయిల్ అంచు కార్బన్ గీతలను గోకేస్తుంది. సిలికోన్ రబ్బరుకి మామూలు జిగురు అంటదు కూడా. వేడికి ఊడి లోపల తిరుగుతూ ఇంకెక్కడో షార్ట్ చేస్తుంది.

కీప్యాడ్ల కోసమే అమ్మే గ్రాఫైట్ పెయింటు ఉంటుంది, అది నయం. ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, సన్న కుంచెతో ఒకే పల్చటి పొర, 24 గంటలు ఆరాలి. వెండి పెయింటు వద్దు, రబ్బరు వంగినప్పుడల్లా పగులుతుంది.

పాతసింథ్_ప్రియ
పెయింటు కంటే ముందు ఇంకో ఉపాయం. పట్టీలు సాధారణంగా 12 కీలకు ఒకటి చొప్పున ఉంటాయి, చివరిది మాత్రం 13 కీలది. 12 కీలవన్నీ ఒకే అచ్చు. అందరూ అరగదీసేది మధ్య రెండు ఆక్టేవులే, అట్టడుగు ఆక్టేవ్ పట్టీ దాదాపు కొత్తదిలా ఉంటుంది. అరిగిన మధ్య పట్టీని అట్టడుక్కి, అక్కడిదాన్ని మధ్యకి మార్చేయండి. విడిభాగం కొనాలనుకుంటే మోడల్ నంబరు కాదు, సర్వీస్ మాన్యువల్‌లోని పార్ట్ నంబరు చూడండి. పేరు ఒకటే ఉన్నా కీబెడ్ మారిన మోడళ్లున్నాయి.

నల్లకీ_తెల్లకీ
ఎడమ చేత్తో బేస్ వాయించేవాళ్ల పరిస్థితి ఏంటి మరి 😄

పాతసింథ్_ప్రియ
వాళ్లు పై ఆక్టేవ్‌ది తెచ్చుకుంటారు.

క్వాంటైజ్_కుమారి
మధ్యలో దూరుతున్నా. నా కీబోర్డులో సీ, ఈ, జీ షార్ప్ ఈ మూడే పోతున్నాయి, అదీ అన్ని చోట్లా కాదు. ఒక ఆక్టేవ్‌లో సీ, జీ షార్ప్ పోతే, పైదాంట్లో ఈ ఒక్కటే. మానిటర్‌లో 40, 48, 56, 64, 72, 80, 88, 96 రావట్లేదు. పట్టీలన్నీ కడిగాను, లాభం లేదు.

గమకం_జీరో
ఆ మూడూ కలిస్తే ఆగ్మెంటెడ్ కార్డ్, దాని మీద పగబట్టిందండీ మీ కీబోర్డు.

మల్టీమీటర్‌మామ
నంబర్ల మధ్య దూరం చూడండి, సరిగ్గా 8. అది మురికి కానే కాదు. 61 కీలకు విడివిడిగా వైర్లు వేయరు, ఎనిమిదేసి కీల గుంపులు చేసి అడ్డం లైన్లు, నిలువు లైన్లతో మ్యాట్రిక్స్ కడతారు. 36-43 ఒక గుంపు, 44-51 ఇంకోటి, అలా. ప్రతి గుంపులో అయిదో కీ పోయిందంటే ఆ అయిదో స్థానపు లైను ఒక్కటే తెగింది. ఎనిమిదేసి అర స్వరాలు దూకుతూ పోతే సీ, ఈ, జీ షార్ప్ తప్ప ఇంకోటి తగలదు, కార్డ్ అందుకే కనిపిస్తోంది. అలాకాక 60 నుంచి 67 దాకా వరసగా ఎనిమిదీ పోతే గుంపు లైను తెగినట్టు.

అన్ని మోడళ్లలో గుంపు 8 ఉండదు. మీదాంట్లో 8 అని మీ నంబర్లే చెప్తున్నాయి.

టంకంరాజు
కుమారి గారు, ముందు రిబ్బన్ కేబుల్ ఊడదీసి, కొసలను ఆల్కహాల్‌తో తుడిచి, తిన్నగా లోపలి దాకా గుచ్చండి. ఇలాంటివాటిలో చాలా వరకు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే కేబుల్ ఒక కొస నుంచి రెండో కొసకు ఒక్కో తీగ మీటరుతో చూడండి. ఇది రాగి కాబట్టి ఇక్కడ బజర్ వాడొచ్చు. కేబుల్‌ను వంపు దగ్గర కాస్త కదిలిస్తూ చూడాలి, అక్కడే లోపల తెగుతుంది. కేబుల్ బాగుంటే రెండు బోర్డుల మీదా కనెక్టర్ కాళ్ల టంకం భూతద్దంతో చూడండి, కాలు చుట్టూ సన్నటి వలయం లాంటి పగులు కనిపిస్తుంది.

శ్రుతిపెట్టె61
పట్టీలు ఆరాక బిగించాను. 65, 67 రెండూ మామూలైపోయాయి, ఇప్పుడు 22 నుంచి 110 దాకా వస్తున్నాయి. 69 మాత్రం ఇంకా మూగే.

నల్లకీ_తెల్లకీ
ఆ ఆక్టేవ్ పట్టీని పై ఆక్టేవ్ పట్టీతో మార్చి చూడండి. జబ్బు పట్టీతో పాటు 81కి వెళ్తే రబ్బరుది, 69 దగ్గరే ఉండిపోతే బోర్డుది.

శ్రుతిపెట్టె61
మార్చాను. 81 పలుకుతోంది, 69 పలకట్లేదు. బోర్డేనన్నమాట.

మల్టీమీటర్‌మామ
బోర్డంటే బోర్డంతా కాదు, కంగారొద్దు. ప్రతి స్విచ్‌కీ ఒక డయోడ్ (కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే భాగం) ఉంటుంది, 1ఎన్4148 రకం, గాజుది గానీ చిన్న చిప్ రూపంలో గానీ. మూడు నాలుగు కీలు కలిపి నొక్కినప్పుడు నొక్కని స్వరం పలకకుండా కాపాడేది అదే. 69 ప్యాడ్ల నుంచి గీత పట్టుకుని వెళ్తే రెండు డయోడ్లు దొరుకుతాయి. రిబ్బన్ తీసేసి, మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి, ఒక దిశలో 0.5 నుంచి 0.7 వోల్టులు, తిరగేస్తే ఓఎల్ (కరెంటు పారట్లేదని గుర్తు) చూపించాలి. రెండు దిశల్లోనూ ఓఎల్ వస్తే డయోడ్ పోయింది, లేదా దాని టంకం ఊడింది. రెండు దిశల్లోనూ సున్నాకి దగ్గర వస్తే షార్ట్, కానీ దానికి వేరే లక్షణం, దయ్యం స్వరాలు పలుకుతాయి.

ప్రోబును బోర్డు ప్యాడ్ మీద ఒకసారి, డయోడ్ కాలు మీదే ఒకసారి పెట్టి రెండూ పోల్చండి.

శ్రుతిపెట్టె61
ఒక డయోడ్ 0.61. రెండోది ప్యాడ్ల మీద పెడితే ఓఎల్, డయోడ్ కాళ్ల మీదే నొక్కి పెడితే 0.60.

టంకంరాజు
టంకం పగులు. డయోడ్ బాగుంది, మార్చొద్దు. దానికి దగ్గర్లోనే బోర్డు బిగించే స్క్రూ ఉందా? అది అతిగా బిగిస్తే బోర్డు వంగి అక్కడే టంకం చీలుతుంది.

పని చిన్నదే: ముందు కాస్త ఫ్లక్స్ (టంకం బాగా అంటడానికి రాసేది) రాయండి, సన్న ముక్కు ఉన్న ఐరన్ 320 డిగ్రీల్లో పెట్టి, రెండు సెకన్లు ఆనించి, చీమ తలంత టంకం ఇచ్చి తీసేయండి. ఇవి ఎక్కువగా ఒక పక్క రాగి ఉన్న గోధుమ రంగు కాగితపు బోర్డులు, వేడి ఎక్కువైతే ప్యాడ్ లేచి చేతికొస్తుంది. మొదటిసారి అంటకపోతే చల్లారనిచ్చి మళ్లీ. నల్లటి కార్బన్ గీతల మీద మాత్రం ఐరన్ పెట్టొద్దు, దానికి టంకం అంటదు, కాలిపోతుంది.

గీతే తెగి ఉంటే వేరే కథ. పచ్చటి పూత బ్లేడుతో గీకి రాగి బయటపెట్టి, సన్న తీగతో కట్టు కట్టాలి. తీగ రబ్బరు పట్టీ కిందకు రాకూడదు, వస్తే ఆ కీ ఎత్తు మారుతుంది.

అరిగిన_పట్టీ
చేతికి అలవాటు లేకపోతే ముందు పాత రేడియో బోర్డు ఏదైనా తీసుకుని పది కాళ్లు ఊడదీసి అంటించి చూసుకోండి. లేదా బోర్డు ఒక్కటే పట్టుకెళ్లి టంకం పని వచ్చినవాళ్లకిచ్చి ఆ డయోడ్ చూపించండి. మొత్తం కీబోర్డు మోసుకెళ్తే జబ్బు వెతికే కూలి కూడా వేస్తారు.

క్వాంటైజ్_కుమారి
రిబ్బన్ తుడిచి గుచ్చితే నాలుగు కీలు వచ్చి మళ్లీ పోయాయి. కేబుల్ వంపు దగ్గర కదిలిస్తే బజర్ ఆగుతోంది. ఎలాంటిది కొనాలి?

టంకంరాజు
తీగల సంఖ్య, తీగకీ తీగకీ మధ్య దూరం, పొడవు, ఈ మూడూ కొలవండి. దూరం ఎక్కువగా 1 మిల్లీమీటరు గానీ 1.25 గానీ. మొదటి తీగ నుంచి పదకొండో తీగ దాకా కొలిచి పదితో భాగించండి, ఒక్కటి కొలిస్తే తప్పు పడుతుంది. రెండు కొసల్లో లోహం ఒకే పక్కన ఉందో, ఎదురెదురు పక్కల ఉందో కూడా చూసుకోండి. అది తప్పితే లైన్లన్నీ తారుమారు.

శ్రుతిపెట్టె61
టంకం అంటింది, 69 పలికింది. ఇప్పుడు 70 బిర్రుగా ఉంది, నొక్కితే సగంలో ఆగి టక్కుమంటోంది. విప్పకముందు బాగానే ఉండేది.

పాతసింథ్_ప్రియ
పట్టీ మేకు దిగలేదు. పట్టీ అంచున ఉన్న చిన్న రబ్బరు మేకులన్నీ బోర్డు రంధ్రాల్లోకి పూర్తిగా దిగాలి. ఒక్కటి పైకి ఉన్నా అక్కడ పట్టీ ఉబ్బుతుంది. మొద్దు కొన ఉన్న ప్లాస్టిక్ పుల్లతో నొక్కండి, సూది వాడితే మేకు చిరుగుతుంది. దిగనని మొండికేస్తే కొసకు చుక్క ఆల్కహాల్ తగిలించండి, జారుతుంది, తర్వాత ఆరిపోతుంది. పట్టీ అడుగున గాలి పోవడానికి సన్నటి కాలువలుంటాయి, వాటిలో పీచు ఇరుక్కున్నా ఇలాగే బిర్రుగా ఉంటుంది.

మూత బిగించే ముందు రిబ్బన్, ప్యానెల్ కనెక్టర్లు తగిలించి, బ్యాటరీల మీద ఆన్ చేసి 61 కీలూ మళ్లీ మానిటర్‌లో చూడండి. ఇది అడాప్టర్ కీబోర్డు కాబట్టి పర్లేదు. కరెంటు సప్లై లోపలే ఉండే పెద్ద డిజిటల్ పియానోలకు ఈ పని చేయొద్దు.

నల్లకీ_తెల్లకీ
ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలు ముందు వెనక్కి తిప్పండి, టక్ మని పాత మరలో కూర్చున్నాక అప్పుడు బిగించండి. డ్రిల్లు మెషిన్‌తో వద్దు.

శ్రుతిపెట్టె61
రెండు మేకులు పైకే ఉన్నాయి. దించాక 70 కూడా తేలికైంది. డయోడ్ పక్క స్క్రూ ఈసారి వేళ్ల బిగువుతో ఆపాను. 36 నుంచి 96 దాకా అన్నీ వస్తున్నాయి, మెత్తగా నొక్కితే 20ల్లో, గట్టిగా కొడితే 110 పైన.

గమకం_జీరో
స్క్రూలు ఎన్ని మిగిలాయి?

శ్రుతిపెట్టె61
ఒకటి.